కల్లు సీసాకు మూత బిగించరాదు

తాటి, ఈత చెట్ల నుండి లొట్టిలోకి కారే తీపి రసం నీరా. గాలిలోను, లొట్టిలోను ఉండే ఈస్టు అందులోని చక్కెరను మద్యసారంగా, బొగ్గుపులుసు వాయువుగా మార్చగా అది కల్లవుతుంది. పైకి తేలే నురుగుకు ఆ వాయువే కారణం. ఎండ ముదిరేకొద్దీ పొంగు ఉద్ధృతమవుతుంది.

అట్టి కల్లును సీసా నిండా నింపి, మూత బిగించి పొరుగూరి బంధువులకు తీసుకొనిపోవడం ప్రమాదకరం. వెలుపలికి దారిలేని వాయువు ఒత్తిడికి గాజు పగిలి కంటికే ముప్పు రావచ్చు. పాత్రలో కొంత ఖాళీ విడిచి, మూతికి పలుచని గుడ్డ కట్టి, నీడపట్టున ఉంచాలి. చల్లదనం పొంగును మందగింపజేస్తుందే గాని పూర్తిగా ఆపదు. కనుక ఫ్రిజ్‌లోనైనా మూత వదులుగానే ఉండాలి.

తీపి రసమే కోరేవారు లొట్టి లోపల ముందుగా సున్నం పూస్తారు. ఆ క్షారగుణం ఈస్టును విజృంభించనీయదు.

మూత వదులైతే కొంత కల్లు పొర్లిపోతుంది. బిగిస్తే సీసాయే పేలవచ్చు. పొర్లిపోవడమే మేలు.