మంటతో నడిచే ఫ్రిజ్‌కు ఫ్యాను ఎందుకు?

అమెరికాలో కారు వెనుక తగిలించుకుని వెళ్లే ట్రైలర్ ఇళ్లలో చాలావాటికి గ్యాస్ మంటతో నడిచే ఫ్రిజ్ ఉంటుంది. దీన్ని 1922లో స్వీడన్‌లో ప్లాటెన్, మంటర్స్ అనే ఇద్దరు కనిపెట్టారు. అప్పటికి వాళ్లూ మనలాగే విద్యార్థులు!

ఇందులో కంప్రెసర్ ఉండదు. మంట వేడికి నీటిలోని అమ్మోనియా ఆవిరై పైకి పోతుంది. వెనుక గొట్టాల్లో వేడిని వదిలి ద్రవమవుతుంది. ఫ్రిజ్ లోపలి వేడిని పీల్చుకుని మళ్లీ ఆవిరవుతుంది. అదే చల్లదనం.

ఎండాకాలం వెనుక వేడిగాలి నిలిచిపోతే అమ్మోనియా సరిగా ద్రవం కాదు. పాలు విరిగిపోతాయి, ఇన్సులిన్ పాడవుతుంది. అందుకే పై గొట్టాల దగ్గర 12 వోల్టుల చిన్న ఫ్యాను బిగించి, వేడిగాలిని బయటికి పంపుతారు. ఆ గాలి మంటకు మాత్రం తగలకూడదు.

మేము గ్రహించింది ఒక్కటే: చల్లబరచడమంటే వేడిని బయటికి పంపడం. ఫ్రిజ్ ఉన్నవాళ్లకు చెప్పండి, దాన్ని గోడకు ఆనించవద్దని.