వాక - కలివి : ఒక ముండ్లపొద, దాని పేర్లు

మన నిఘంటువులలో చెట్టుచేమల పేర్లకు ‘వృక్షవిశేషము’, ‘ఒక ముండ్లపొద’ వంటి అర్థములు తరచుగా కానవచ్చును. నిఘంటుకర్తల కాలమున ఇది లోపముగా తోచి యుండదు. ఆ మొక్కలు చదువరి పెరటిలోనో, పొలముగట్టుననో ఉండెడివి. పేరు చెప్పినంతనే రూపము స్ఫురించెడిది. నేడు మొక్క కనుమరుగై పేరు మాత్రము మిగులుచున్నది. అట్టి స్థితిలో పదమునకు అర్థము చెప్పుట యనగా ఏమి? ఈ ప్రశ్నను వాక లేక కలివి యను పొదను ఉదాహరణముగా గొని పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట పేర్లను చూతము. తెలుగున దీనికి వాక, కలివి, కలివె అను పేర్లు కలవు. కాయను వాక్కాయ, కలివికాయ, కలేకాయ అని వ్యవహరింతురు. వాక యను పదమునకు ఏరు అను అర్థము కూడ కలదు గనుక, ప్రాచీన ప్రయోగములను పరిశీలించువారు సందర్భమును బట్టి అర్థనిర్ణయము చేయవలసి యుండును. కలివి యను రూపమునకు తమిళమున కళా, కన్నడమున కవళి అను పేర్లు సన్నిహితములుగా నున్నవి. కన్నడరూపమున లకార వకారములు తారుమారైనట్లు కనబడుట గమనింపదగినది. సంస్కృతమున కరమర్దము ప్రసిద్ధనామము. అమరకోశము వనౌషధివర్గమున కృష్ణపాకఫలము, సుషేణము అను పర్యాయములను కూడ పేర్కొన్నది. వీనిలో కృష్ణపాకఫల మనునది ఒక చిన్న లక్షణవాక్యము వంటిది. పండినప్పుడు నల్లనగు ఫలము కలది యని దాని భావము. హిందీ కరౌందా, మరాఠీ కరవంద, బంగాళీ కరమ్‌చా అను పేర్లు కరమర్దముతో సంబంధించినవి. 1767లో లిన్నేయస్ ఈ మొక్కకు కారిస్సా కరండాస్ అని శాస్త్రనామ ముంచెను. అందలి రెండవ పదము భారతదేశపు దేశ్యనామమునుండి వెడలినదే.

ఇక స్వరూపము. ఇది సంవత్సరము పొడుగునను ఆకుపచ్చగా నుండు గుబురుపొద. అనుకూలమగు నేలలో చిన్నచెట్టు పరిమాణమునకు పెరుగును. కొమ్మ విరిచినచో తెల్లని పాలు కారును. ఆకులు ఎదురెదురుగా పుట్టును. దళసరిగా, నున్నగా, పైవైపున నిగనిగలాడుచుండును. కణుపులకడ జంటలుగా గట్టిముండ్లుండును. కొన్ని కొనయందు రెండుగా చీలును. ఇవి రేగుముండ్లవలె ఆకుమొదలి పుచ్ఛములు మారి యేర్పడినవి కావు, రూపము మారిన కొమ్మలు. పూవులు కొమ్మల చివర గుత్తులుగా పూయును. అవి తెల్లనివి, సువాసన గలవి. మొగ్గయందు కొంత గులాబిచాయ యుండుటయు కలదు. సన్నని గొట్టముపై ఐదు రేకులు మొగ్గలో ఒకదానిపై నొకటి మెలివడి యుండును. కేసరములు ఐదును గొట్టములోపలనే అణగియుండును. కాయ మొదట ఆకుపచ్చగా నుండి క్రమముగా ఎఱుపెక్కి, పండినపుడు నల్లనగును. లోపల బల్లపరుపు గింజలు కొన్ని యుండును.

వృక్షశాస్త్రజ్ఞులు దీనిని గన్నేరు కుటుంబమున చేర్చిరి. గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్ళగన్నేరు, నందివర్ధనము, ఏడాకుల అరటి, సర్పగంధి దీనికి దాయాదులు. పూర్వము వేఱు కుటుంబముగా నెంచబడిన జిల్లేడును నేటి శాస్త్రజ్ఞులు ఇందులోనే కలిపినారు. ఈ కుటుంబమున పాలు కారు గుణము సామాన్యము, విషమును తఱచు. వీనిలో పెక్కింటికి జంటకాయలు కాచి, ఎండి పగిలి, దూదికుచ్చులతో గూడిన గింజలను గాలికి వదలును. వాకకాయ యట్లు పగులదు. అది కండగల పండు. పక్షులును జంతువులును తిని గింజలను దూరమునకు చేర్చును. విషవంశమున పుట్టియు తినదగిన ఫలమిచ్చుటయే దీని విశేషము. అయినను కుటుంబలక్షణము పూర్తిగా తొలగలేదు. దీని వేరునందు గుండెపై పనిచేయు పదార్థములున్నవి. కాబట్టి కాయ ఆహారమైనంత మాత్రమున వేరును సొంతముగా మందుగా వాడరాదు.

దీనికి మిక్కిలి దగ్గఱిది కారిస్సా స్పైనారమ్. అది చిన్నపొద, కాయయు చిన్నది, మెట్టనేలలలోను అడవుల అంచులందును తనంత తాను పెరుగును. జనవ్యవహారమున రెంటికిని తఱచుగా ఒకే పేరు చెల్లుచుండును. కాని వైద్యగ్రంథకర్తలు ఈ భేదమును ఎఱుగుదురు. పదునాఱవ శతాబ్దికి చెందిన భావప్రకాశము కరమర్దద్వయమును చెప్పినది. పచ్చికాయ పులుపు, గురువు, దప్పి తీర్చునది, రక్తపిత్తకఫములను పెంచునది. పండు మధురము, లఘువు, పిత్తవాతములను శమింపజేయునది యని దాని నిర్ణయము. అంతకు పూర్వమే చరకసంహిత కరమర్దమును హృద్యములగు పది ద్రవ్యములలో చేర్చెను. ఆ పదింటిలో మామిడి, రేగు, దానిమ్మ, మాదీఫలము వంటి రుచిగల ఫలములుండుట గమనింపవలెను. సుశ్రుతసంహిత కంటకపంచమూలములలో కరమర్దికి స్థానమిచ్చినది. ఒకటి కాయను, మఱొకటి వేరును గ్రహించినవి. ఒకే మొక్క రెండు గణములందు రెండు భిన్నాంగములతో ప్రవేశించుట, మొక్కపేరు చెప్పి అంగము చెప్పని అర్థవివరణము ఎంత అసంపూర్ణమో తెలుపుచున్నది.

తెలుగువారి వంటయింట వాక్కాయకు పులుపుల వరుసలో స్థానము కలదు. కాయలను చీల్చి, గింజలు తీసి, కందిపప్పుతో కలిపి వండుదురు, చింతపండునకు మారుగా పులిహోరలో వేయుదురు, పచ్చడి నూరుదురు, ఊరగాయ పెట్టుదురు. కోయునపుడు చేతికంటు జిగటపాలు పోవుటకు ఉప్పునీట కడుగుట వాడుక. గట్టిపడు గుణముగల పెక్టిను ఈ కాయలో అధికముగా నుండుటచే పానకమునందు ఉడికించినచో సులభముగా పేరుకొనును. గింజ తీసి, పంచదారపాకమున నానవేసి, ఎఱ్ఱరంగు పట్టించిన వాక్కాయలే రొట్టెల అంగళ్లలో ‘చెర్రీ’లను పేర అమ్ముడుపోవుచుండుట పలువురెఱుగని విషయము. తనపేరు పోగొట్టుకొని పరాయిపేరుతో బ్రతుకు పదార్థములలో నిది యొకటి. పొలములకు కంచెగా కూడ ఈ పొదను పెంచుదురు. ముండ్లవలన పశువులు చొఱలేవు, బెట్టకు తట్టుకొనును, కత్తిరించినకొలది గుబురుగా చిగిర్చును. కంచెలకు ఇనుపతీగయు రాతికంబములును వచ్చిన పిదప ఈ ప్రయోజనము సన్నగిల్లినది. గట్టున పొద పోయినచో కాయయు, కాయతో వంటకమును, వంటకముతో పేరును క్రమముగా తొలగుట సహజము.

తెలుగుపేర్లను శాస్త్రముతో జోడించు యత్నము క్రొత్తది కాదు. 1781 నుండి కొంతకాలము సామర్లకోటలో నుండి పనిచేసిన విలియం రాక్స్‌బరో కోరమాండల్ తీరపు మొక్కలను చిత్రములతో ప్రకటించెను. ఆ గ్రంథపు మొదటి సంపుటమున వాకచిత్రము కలదు. 1859లో వాల్టర్ ఇలియట్ ‘ఫ్లోరా ఆంధ్రికా’ యను పేర ఉత్తరసర్కారుల మొక్కల దేశ్యనామములను, శాస్త్రనామములను కూర్చి ప్రకటించెను. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయసంపుటము, పదములను వ్యవహర్తల నోటినుండియే, ప్రాంతనిర్దేశముతో సేకరించు పద్ధతిని చూపినది. మొదటి యిరువురి మార్గము మొక్కనుండి పేరునకు వచ్చుట. కృష్ణమూర్తిగారి మార్గము మాటాడువానినుండి పేరునకు వచ్చుట. ఈ రెండు మార్గములు కలిసినచోటనే పదార్థనిర్ణయము నిలుచును.

దీని ఆవశ్యకతను తెలుపుటకు కలివికోడి యను పదము చాలును. ఇది కోడి కాదు. రాత్రివేళ తిరుగు ఒక అరుదైన నేలపక్షి. ఆంగ్లవైద్యుడగు జెర్డన్ వలన 1848లో శాస్త్రలోకమునకు తెలిసినది. 1900 తరువాత ఎవరికిని కానరాక, అంతరించినదని పలువురు తలచిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ కడపజిల్లా లంకమల ప్రాంతమున దీని యునికిని మరల నిరూపించెను. పక్షిని పట్టి చూపినవాడు స్థానికుడగు వేటకాడు. పిమ్మట ఆ ప్రాంతము అభయారణ్యమైనది. తెలుగుగంగ కాలువ దారిని కూడ ఈ పక్షికొఱకు మార్పవలసి వచ్చెను. ఇట్టి పక్షికి జనులు పెట్టిన పేరు దాని నివాసమును చెప్పుచున్నది. కలివి వంటి ముండ్లపొదలు, వాని నడుమ ఖాళీనేల - ఇదియే ఆ పక్షి బ్రతుకుతావు. శాస్త్రనామము మెడపై రెండు పట్టెలను గుర్తుచేయగా, తెలుగుపేరు పక్షి యెక్కడ నుండునో గుర్తుచేసినది. కాని కలివి యేదో తెలియనివానికి కలివికోడి యను సమాసము ఉత్త శబ్దము. పొదను నరికి చదునుచేసిన నేలలో ఆ సమాసమునకు రెండు పదములును అర్థహీనములే యగును.

కావున పరిశోధకవిద్యార్థులకు ఒక సూచన. మొక్కపేరును సేకరించునపుడు ‘వృక్షవిశేష’మని విడువక ఐదంశములను వ్రాసికొనవలెను: చెప్పినవారి ఊరు, మొక్క రూపము, పూయు, కాయు మాసములు, వాడుకొను అంగము, ఆ పేరుతో గూడిన సమాసములు. ఎండబెట్టిన కొమ్మనొకదానిని వృక్షశాస్త్రశాఖవారికి చూపి శాస్త్రనామమును పొందుట ఆఱవది. ఇది భాషాశాస్త్రజ్ఞుని పనికాదని కొందఱనవచ్చును. పదమునకు శబ్దము ఒక పార్శ్వమైనచో అర్థము రెండవ పార్శ్వము. ఆ అర్థము ఈ సందర్భమున గట్టుపై ముండ్లతో నిలిచియున్నది. అది యున్నప్పుడే పోయి చూచుట మేలు.