డాబాపై సౌర విద్యుత్తు: ప్యానెళ్ల కంటే ముందు చూడాల్సింది నీడ

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్: ఎండలు ముదిరాయంటే కొత్తపేట, చైతన్యపురి, సరూర్‌నగర్, వనస్థలిపురం కాలనీల్లో ఇంటింటా కూలరో, ఏసీయో తిరగాల్సిందే. నెల తిరిగాక బిల్లు చేతికి వచ్చినప్పుడు గానీ డాబా మీద ఊరికే పోతున్న ఎండ గుర్తుకు రాదు. కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ‘పీఎం సూర్యఘర్: ముఫ్త్ బిజిలీ యోజన’ను ప్రకటించాక ఇంటి యజమానులను అవే సందేహాలు వెంటాడుతున్నాయి. ఎంత ఖర్చవుతుంది? బిల్లు నిజంగా తగ్గుతుందా? కరెంటు పోయినా ఇంట్లో ఫ్యాను తిరుగుతుందా? వీటికి అమ్మకందారుల వద్ద సిద్ధంగా సమాధానాలుంటాయి. వారి లెక్కల్లో సాధారణంగా కనిపించనిది ఒకటుంది. అది పక్క భవనం నీడ.

ఎవరికి గిట్టుబాటు?

సౌర విద్యుత్తు అందరికీ ఒకే విధంగా లాభించదు. 2022 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన గృహ చార్జీల ప్రకారం నెలకు 200 యూనిట్లు దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు యూనిట్‌కు రూ.5.10 చొప్పున పడుతుంది. ఆ తరువాతి వందకు రూ.7.70, ఆపై వందకు రూ.9, నాలుగు వందలు దాటాక రూ.9.50 చెల్లించాలి. అంటే సౌర విద్యుత్తు బిల్లులో ముందుగా కోసేది పై మెట్టులోని ఖరీదైన యూనిట్లనే.

ఉదాహరణకు నెలకు 450 యూనిట్లు వాడే ఇల్లు తీసుకుంటే, వినియోగ చార్జీ ఒక్కటే రూ.3,165 అవుతుంది. నీడ పడని డాబాపై ఒక కిలోవాట్ సామర్థ్యానికి రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. మూడు కిలోవాట్ల ఏర్పాటుకు నెలకు సుమారు 360 యూనిట్లు. మిగిలిన 90 యూనిట్లకు రూ.5.10 చొప్పున వేసుకున్నా రూ.459 మాత్రమే. నెలకు రూ.2,700 పైగా మిగులుతుంది. మూడు కిలోవాట్లకు సంస్థను, సామగ్రిని బట్టి రెండు లక్షల రూపాయల వరకు ఖర్చవుతుంది. రాయితీ పోను చేతి నుంచి పెట్టినది నాలుగేళ్ల లోపు తిరిగి వస్తుంది.

నెలకు 150 యూనిట్లే వాడే ఇంటి సంగతి వేరు. అక్కడ వినియోగ చార్జీ మొత్తం రూ.580 దాటదు కనుక పెట్టుబడి తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు అందుకుంటున్న తెల్ల రేషన్ కార్డుదారులకైతే, బిల్లు తగ్గించుకోవడం కోసం అప్పు చేసి ప్యానెళ్లు పెట్టించుకోవాల్సిన అవసరమే లేదు. ‘బిల్లు పూర్తిగా సున్నా’ అనే ప్రచారాన్ని కూడా యథాతథంగా నమ్మరాదు. ఫిక్స్‌డ్, కస్టమర్ చార్జీలు సౌర విద్యుత్తు ఉన్నా వస్తాయి.

రాయితీ ఎంత?

రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ.30 వేలు, మూడో కిలోవాట్‌కు రూ.18 వేలు కేంద్రం ఇస్తుంది. మూడు కిలోవాట్లకైనా, అంతకు మించి పెట్టినా గరిష్ఠంగా అందేది రూ.78 వేలే. ఈ పథకం 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు అమలులో ఉంటుంది. దేశంలో తయారైన సెల్స్‌తో దేశంలోనే రూపొందిన ప్యానెళ్లకే రాయితీ వర్తిస్తుంది. దిగుమతి సరుకు కొంత చవక కావచ్చు గానీ దానికి రాయితీ రాదు. మూడు కిలోవాట్ల వరకు రూ.2 లక్షల దాకా పూచీకత్తు లేని రుణాలు జాతీయ బ్యాంకుల్లో లభిస్తాయి. సౌర సామగ్రిపై 12 శాతంగా ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధరల పట్టిక చూపేవారిని ఈ విషయం అడగాలి.

రాయితీ ఇళ్లకు మాత్రమే. దిల్‌సుఖ్‌నగర్‌లో వాణిజ్య కనెక్షన్‌పై నడిచే హాస్టళ్లు, శిక్షణ కేంద్రాలు, దుకాణాలు ప్యానెళ్లు పెట్టుకోవచ్చు గానీ ఈ రాయితీకి అర్హత ఉండదు.

పక్కింటి అంతస్తు లేస్తే?

ఒక కిలోవాట్‌కు సుమారు వంద చదరపు అడుగుల స్థలం, అదీ నీడ పడనిది కావాలి. రెండు వందల గజాల ఇంటి డాబాపై మూడు వందల చదరపు అడుగులు దొరకడం కష్టం కాదు. అయితే మెట్ల గది, నీళ్ల ట్యాంకు, పిట్టగోడ, డిష్ యాంటెన్నా పోగా మిగిలిన చోట ఎండ ఎన్ని గంటలు నిలుస్తుందన్నదే అసలు లెక్క. ప్యానెళ్లను వరుసగా ఒకదానికొకటి కలుపుతారు కనుక ఒకదానిపై నీడ పడితే నష్టం దానితోనే ఆగకపోవచ్చు, వరుస మొత్తం ఉత్పత్తి పడిపోవచ్చు.

ఈ పరిశీలన వేసవిలో చేస్తే మోసపోతారు. హైదరాబాద్‌లో మే రెండో వారంలోను, ఆగస్టు మొదటి వారంలోను మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు ఏ గోడకూ నీడ ఉండదు. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి ఒరిగిపోతాడు. ఆ నెలలో పదడుగుల ట్యాంకు గది నీడ మధ్యాహ్నం తొమ్మిది అడుగుల దాకా, ఉదయం తొమ్మిది గంటల ప్రాంతంలో పదిహేడు అడుగుల దాకా సాగుతుంది. కాబట్టి డిసెంబరులో ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు వరకు నీడ ఎక్కడ పడుతుందో సుద్దముక్కతో గీసి చూసుకోవడం మేలు. అన్ని రోజులు ఆగలేనివారు, ఆ నెల లెక్కతో నీడ పటం వేసి ఇవ్వాలని సంస్థను అడగాలి. ఇవ్వలేని సంస్థకు బయానా ఇవ్వకపోవడమే మంచిది.

ఇప్పటి నీడ సరే, రేపటిది? ఎల్బీనగర్ పరిసర కాలనీల్లో పాత ఒకటి, రెండంతస్తుల ఇళ్లు కూల్చి స్టిల్టుపై నాలుగైదు అంతస్తులు లేపడం నిత్యం చూస్తున్నదే. ప్యానెళ్ల ఆయుష్షు పాతికేళ్లు. అన్నేళ్లూ పక్క స్థలం ఖాళీగా ఉంటుందన్న భరోసా లేదు. పొరుగువారు అనుమతి తీసుకుని కట్టుకుంటుంటే ‘మా ప్యానెళ్లపై ఎండ పోతోంది’ అని ఆపించడం దాదాపు అయ్యే పని కాదు. అందుకే దిక్కు చూసుకోవాలి. ఉత్తరం వైపు ఎంత ఎత్తు కట్టినా సౌర ఉత్పత్తికి పెద్దగా హాని లేదు. తూర్పు కడితే ఉదయం, పడమర కడితే సాయంత్రం కొంత తగ్గుతుంది. దక్షిణం వైపు లేచే అంతస్తులే ప్రమాదం. ఆ వైపు ఖాళీ స్థలం గానీ, పాత ఇల్లు గానీ ఉంటే ప్యానెళ్లను డాబాకు ఉత్తరపు అంచు వైపు, దక్షిణానికి అభిముఖంగా, పదిహేను డిగ్రీలకు అటూ ఇటూ వాలుతో అమర్చుకోవాలి.

ఏడెనిమిది అడుగుల ఎత్తున ఇనుప చట్రం కట్టిస్తే పిట్టగోడ నీడ తప్పుతుంది, కింద బట్టలు ఆరేసుకోవడానికి, వడియాలు పెట్టుకోవడానికి చోటు మిగులుతుంది. చట్రం తుప్పు పట్టకుండా జింకు పూతతో ఉండాలి, ఈదురుగాలికి తట్టుకోవాలి. స్లాబుకు రంధ్రాలు చేసి బోల్టులు బిగిస్తే వానాకాలంలో కారుతుందన్న భయం చాలామందిది. అది అకారణమేమీ కాదు. కాంక్రీటు దిమ్మెలపై నిలబెట్టాలని, రంధ్రం తప్పనిసరైతే నీరు ఇంకకుండా పూత వేయాలని ఒప్పందంలోనే రాయించుకోవాలి.

అపార్ట్‌మెంట్లలో డాబా ఎవరిది?

దిల్‌సుఖ్‌నగర్, గడ్డిఅన్నారం ప్రాంతాల్లో చిక్కు ఎక్కువగా ఇక్కడే. పై అంతస్తు ఫ్లాటు కొన్నవారు డాబా తమదేనని అనుకోవడం కద్దు. 2016 నాటి రెరా చట్టం ఉమ్మడి టెర్రస్‌ను అందరికీ చెందిన స్థలంగానే పేర్కొంది. కనుక సంఘం సమ్మతి లేకుండా ఒక్కరే ప్యానెళ్లు పరిస్తే గొడవ తప్పదు. సమ్మతిని మాటతో సరిపెట్టక తీర్మానం రూపంలో కాగితంపై తీసుకోవాలి. ఫ్లాట్లు చేతులు మారుతుంటాయి, కొత్తగా వచ్చినవారు పాత మాటకు కట్టుబడాలని లేదు.

ఇంతకంటే సులువైన దారి సంఘం తరఫున ఉమ్మడి మీటరుకు సౌర విద్యుత్తు అమర్చుకోవడం. లిఫ్టు, బోరు మోటారు, మెట్ల దీపాల బిల్లు అందరూ పంచుకునేదే. ఈ ఉమ్మడి అవసరాలకు నివాస సంఘాలకు కిలోవాట్‌కు రూ.18 వేల చొప్పున రాయితీ ఉంది. అద్దె ఇళ్లలో ఉన్నవారికి మాత్రం యజమాని ముందుకు రాకపోతే దారి లేదు. కనెక్షన్, డాబా రెండూ ఆయనవే.

కరెంటు పోతే ఏమవుతుంది?

ఎక్కువ మంది పొరబడేది ఈ విషయంలోనే. బ్యాటరీ లేని సాధారణ ఏర్పాటులో లైన్‌లో సరఫరా నిలిచిన క్షణమే ఇన్వర్టరు కూడా ఆగిపోతుంది. నడి మధ్యాహ్నం మండుటెండలోనైనా అంతే. ఇది లోపం కాదు, ఉద్దేశపూర్వకంగా పెట్టిన రక్షణ. తీగలపై పనిచేస్తున్న లైన్‌మన్‌కు డాబా మీది విద్యుత్తు వెనక్కి ప్రవహించి ప్రాణాపాయం కలగకూడదని ఇలా చేశారు. కోత వేళల్లోనూ సరఫరా కావాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఏర్పాటు కావాలి, ఖర్చు పెరుగుతుంది, కొన్నేళ్లకు బ్యాటరీ మార్చాల్సి వస్తుంది. ఇంట్లో ఇప్పటికే ఇన్వర్టరు ఉన్నవారు కోతలకు దానినే వాడుకోవచ్చు. డాబాపై సోలార్ హీటరు ఉంది కదా అని కొందరు అడుగుతుంటారు. అది నీళ్లు కాచేదే, విద్యుత్తు ఇవ్వదు.

పగలు ఇంట్లో వాడగా మిగిలిన విద్యుత్తు నెట్ మీటరు ద్వారా లైన్‌లోకి వెళ్తుంది, రాత్రి వాడుకున్నది అందులోంచి మినహాయిస్తారు. లెక్క తేల్చాక కూడా మిగులు ఉంటే దానికి డిస్కం ఇచ్చే ధర వినియోగదారు చెల్లించే పై శ్లాబుల కంటే తక్కువ. అవసరానికి మించి ప్యానెళ్లు పెట్టి కరెంటు అమ్ముకుందామనుకుంటే లెక్క తప్పుతుంది.

దరఖాస్తు ఇలా..

సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లో బిల్లుపై ఉన్న యూఎస్‌సీ నంబరుతో నమోదు చేసుకోవాలి. బిల్లు తండ్రి పేరునో, స్థలం అమ్మినవారి పేరునో ఉంటే ముందు పేరు మార్పించుకోవాలి, లేకపోతే రాయితీ దగ్గర ఆగిపోతుంది. 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్తు వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం పది కిలోవాట్ల వరకు సాంకేతిక సాధ్యతా పరిశీలన అక్కరలేదు. పోర్టల్‌లో నమోదైన సంస్థలనుంచే ఎంచుకోవాలి. ప్యానెళ్లు బిగించాక టీజీఎస్పీడీసీఎల్ సిబ్బంది తనిఖీ చేసి నెట్ మీటరు అమరుస్తారు. అనంతరం రాయితీ నేరుగా వినియోగదారు బ్యాంకు ఖాతాలో జమవుతుంది. ‘రాయితీ మంజూరు చేయిస్తాం, ముందు కొంత పంపండి’ అని ఫోన్ చేసేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వరాదు. పోర్టల్‌లో నమోదుకు రుసుము లేదు.

సంస్థ అయిదేళ్ల పాటు నిర్వహణ బాధ్యత వహించాలి. ప్యానెళ్లకు పాతికేళ్ల హామీ ఉన్నా ఇన్వర్టరుకు సాధారణంగా అయిదు నుంచి పదేళ్లే ఉంటుంది. మధ్యలో ఒకసారి దాన్ని మార్చే ఖర్చు లెక్కలో వేసుకోవాలి. జాతీయ రహదారి పక్కన, నిర్మాణాలు సాగుతున్న వీధుల్లో దుమ్ము త్వరగా పేరుకుంటుంది కనుక పది, పదిహేను రోజులకోసారి కడగాలి. బోరు నీటిలోని లవణాలు అద్దంపై తెల్లటి మరకలు వదులుతాయి, నల్లా నీటితో కడిగి మెత్తటి గుడ్డతో తుడవడం మంచిది. ఎండకు కాలిన అద్దంపై మధ్యాహ్నం చల్లటి నీళ్లు పోయకూడదు. తెల్లవారుజామున గానీ, పొద్దు వాలాక గానీ కడగాలి.