చేయకపోతే ఎవరికి నష్టం? – హనుమ చేసిన విచారణ

చేయదగిన పని అని తెలిసినా మనస్సు కదలని వేళలు అందరికీ ఉంటాయి. అప్పుడు చేస్తే కలిగే ఫలాన్ని తలచుకోవడం ఒక మార్గం. చేయకపోతే కలిగే అనర్థాన్ని తూచి చూడడం మరొక మార్గం. నిత్యకర్మలను మానితే ప్రత్యవాయమనే దోషం కలుగుతుందని శాస్త్రం హెచ్చరించినది ఇందుకే.

సుందరకాండలోని 13వ సర్గ దీనికి చక్కని ఉదాహరణ. రావణుని అంతఃపురంతో సహా లంకను గాలించినా హనుమకు సీతమ్మ కనిపించలేదు. ఆమెను చూడకుండా మరలిపోతే ఏమవుతుందో ఆయన వరుసగా విచారించాడు. ఆ వార్త విని రాముడు జీవించడు. ఆ వెంటనే లక్ష్మణుడు, భరత శత్రుఘ్నులు, తల్లులు. అటు సుగ్రీవుడు, రుమ, తార, అంగదుడు, వానరకులమంతా నశిస్తుంది. కనుక తిరిగి పోరాదు. ప్రాణత్యాగం చేద్దామా అంటే అందులోనూ దోషాలెన్నో ఉన్నాయి. బ్రతికి ఉంటేనే శుభాన్ని చూడగలం. ఇలా నిశ్చయించుకున్న మీదట, తాను ఇంకా వెదకని అశోకవనం ఆయన దృష్టికి వచ్చింది. సీతాదర్శనమైనది అక్కడే.

హనుమ ప్రధానంగా లెక్కించినది తనను నమ్ముకున్నవారి నష్టాన్ని. ఆ విచారణ భయంతో ఆగిపోక, మిగిలిన చోటికి దారి చూపింది.

వృద్ధులైన తల్లిదండ్రుల వైద్యం కానీ, తీర్చవలసిన ఋణం కానీ మనం వాయిదా వేస్తూ ఉండవచ్చు. “ఇది చేయకపోతే ఎవరు నష్టపోతారు? ఇంకా చేయగలిగినది ఏది?” అని స్వామి సన్నిధిలో ప్రశ్నించుకుని, ఆనాడే ఆ పనికి సంకల్పం చెప్పుకోవాలి.