లైటు అదే... బ్యాడ్జే వేరు!

స్పోర్ట్స్ కారు విడిభాగానికి అంత రేటెందుకు? కొద్ది కార్లే అమ్ముతారు కాబట్టి అచ్చుల ఖర్చు, ఏళ్ల తరబడి గోడౌన్‌లో ఉంచే ఖర్చు కొన్ని ముక్కల మీదే పడుతుంది. అది నిజమే. కానీ అసలు సూత్రం వేరే ఉంది: మీకు వేరే దారి ఉందా, లేదా?

బ్రేక్ ప్యాడ్లు, ఫిల్టర్లు బయటి కంపెనీలూ చేస్తాయి. పోటీ ఉంటే ధర దిగుతుంది. బంపర్, కంట్రోల్ యూనిట్ లాంటివి ఎక్కువగా కారు కంపెనీ దగ్గరే దొరుకుతాయి. చెప్పిందే రేటు. మా సాఫ్ట్‌వేర్ రంగంలోనూ ఇంతే. ఒక ప్రోగ్రామ్‌కి అలవాటు పడ్డాక రెన్యువల్ ఫీజు వాళ్లిష్టం!

అయితే ఖరీదైన కార్లలోనూ అరువు సరుకు ఉంటుంది. ఆస్టన్ మార్టిన్ డీబీ7 వెనక లైట్లు మాజ్దా 323ఎఫ్‌వి. 1999 లంబోర్గినీ డయాబ్లో హెడ్‌లైట్లు నిస్సాన్ 300జెడ్‌ఎక్స్‌వి.

మన దేశంలో మామూలు కార్లదీ ఇదే కథ. విడిభాగాలను బయటి మార్కెట్లో దొరకనివ్వడం లేదని 2014లో కాంపిటిషన్ కమిషన్ 14 కంపెనీలకు రూ.2,544 కోట్ల జరిమానా వేసింది.

అందుకే నా సలహా ఒక్కటే. ఆర్డరిచ్చే ముందు పార్ట్ నంబరు అడగండి. అదే ముక్క ఇంకే కారులో ఉందో వెతకండి.