కడుపుతో ఉన్న పిల్లికి ఇంట్లో మాత్రలు వేయొద్దు

ఇంట్లో పిల్లి కడుపుతో ఉంది. రెండు రోజులుగా ఏమీ తినడం లేదు, ఒళ్లు వేడిగా ఉంది. డబ్బాలో జ్వరం మాత్ర ఉంది, సగం వేస్తే పోలా అనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్స్ కడుపులోని కూనల పళ్లు, ఎముకలను దెబ్బతీస్తాయి.

పిల్లి సుమారు 63 నుంచి 65 రోజులు మోస్తుంది. ఈలోగా గర్భసంచికి బ్యాక్టీరియా సోకితే కూనలు లోపలే చనిపోవచ్చు. కూనలు పెట్టాక కూడా ముప్పు తప్పదు. అప్పుడు గర్భసంచి ద్వారం తెరుచుకుని ఉంటుంది. మలంలో ఉండే ఈ.కోలి లాంటి క్రిములు తేలిగ్గా లోపలికి వెళ్తాయి. మాయ లోపలే ఉండిపోతే పరిస్థితి ఇంకా విషమిస్తుంది.

కూనలు పెట్టాక కొన్ని రోజులు వాసన లేని ఎర్రటి స్రావం కనిపించడం మామూలే. చీము, దుర్వాసన, 103 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం, కూనలకు పాలివ్వకపోవడం మాత్రం మామూలు కాదు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు పశువైద్యుడికి చూపించాలి. కడుపుతో ఉన్నప్పుడు చీము, రక్తం కనిపించినా అంతే. పిల్లి కడుపుతో ఉందని, లేదా పాలిస్తోందని ముందే చెప్పాలి. దాన్ని బట్టే డాక్టర్ మందు మారుస్తారు.

పిల్లి పడుకునే గుడ్డలు రోజూ మార్చండి, ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇక కూనలు వద్దనుకుంటే, పాలు మాన్పించాక గర్భసంచి తీసే ఆపరేషన్ గురించి డాక్టర్‌ను అడగండి. దాంతో గర్భసంచిలో చీము పట్టే జబ్బు భయం కూడా దాదాపు పోతుంది.