సైన్స్ చదివి జర్నలిజంలోకి: ఏ కోర్సు, ఎందుకు?

2021 మే నెల. కోవిడ్ రెండో ఉధృతి తీవ్రంగా ఉన్న రోజులు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఇస్తున్న మందు కోసం వేల సంఖ్యలో జనం తరలివచ్చి బారులు తీరారు. ఆ బారుల పక్కన మైకు పట్టుకుని నిలబడిన విలేకరి ముందున్న ప్రశ్న చిన్నదే: ఈ మందు పనిచేస్తుందా? జవాబు మాత్రం బారులో ఉన్నవారిని అడిగితే దొరికేది కాదు. మందు తీసుకున్నవారిలో ఎక్కువమంది కోలుకున్నారని ఎవరైనా చెబితే అది నిజమే కావచ్చు. ఎందుకంటే కోవిడ్ సోకినవారిలో అత్యధికులు ఆ మందు తీసుకోకపోయినా కోలుకుంటారు. కాబట్టి అడగవలసింది "ఎంతమందికి తగ్గింది" అని కాదు, "తీసుకోనివారితో పోలిస్తే ఎంత తేడా ఉంది" అని. చివరకు మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంట్లో వేసే చుక్కలను మినహాయించి పంపిణీకి అనుమతి ఇచ్చింది. ఆ మందుతో కోవిడ్ తగ్గుతుందనడానికి ఆధారాలు లేవని కూడా అప్పుడే చెప్పింది. ఈ రెండు విషయాలనూ ఒకే వార్తలో, దేని బరువూ తగ్గకుండా రాయడం అనుకున్నంత తేలిక కాదు.

బి.ఎస్సీ. పూర్తిచేసి జర్నలిజం వైపు చూసే విద్యార్థులు సాధారణంగా అడిగేది ఏ విశ్వవిద్యాలయానికి పేరుంది, ఎక్కడ చదివితే ఉద్యోగం వస్తుంది అని. అవి అడగదగినవే. అయితే సైన్స్ గురించి రాయాలన్న కోరిక ఉన్నవారు ఇంకో ప్రశ్న కూడా వెంట తీసుకెళ్లాలి: కృష్ణపట్నంలో నిలబడిన విలేకరికి కావలసినది ఈ కోర్సు నేర్పుతుందా?

ఉపఖండంలో విశ్వవిద్యాలయ స్థాయి జర్నలిజం బోధన 1941లో లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో మొదలై, దేశ విభజన తర్వాత ఢిల్లీకి చేరింది. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1954లోనే జర్నలిజం శాఖను ప్రారంభించింది. ఢిల్లీలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్ 1965లో ఏర్పడింది. చాలాకాలం పీజీ డిప్లొమాలకే పేరుపొందిన ఆ సంస్థకు 2024 జనవరిలో డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చింది. డిప్లొమాకూ డిగ్రీకీ ఉన్న తేడా గుర్తుంచుకోవాలి. వార్తాగదిలో దాన్ని పెద్దగా పట్టించుకోరు కానీ, తర్వాత పీహెచ్‌డీ చేయాలన్నా, పాఠాలు చెప్పాలన్నా మాస్టర్స్ డిగ్రీ అడుగుతారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. కమ్యూనికేషన్‌కు సీయూఈటీ-పీజీ రాయాలి. తెలంగాణలోని రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్ ఉన్నాయి.

అసలు పరీక్ష సిలబస్ చదివేటప్పుడు మొదలవుతుంది. పేపర్ల పేర్లు చూసి మోసపోకూడదు. "సైన్స్ రిపోర్టింగ్" అనే పేపర్ లేనంత మాత్రాన కోర్సు పనికిరాదనుకోవడం పొరపాటు. దాదాపు ప్రతి ఎం.ఎ.లోనూ పరిశోధన పద్ధతుల పేపర్ ఒకటి ఉంటుంది. నమూనా ఎంపిక, సర్వే, శాతాలు, సగటు అన్నీ అందులోనే వస్తాయి. వాటిని నిర్వచనాలుగా రాయించి వదిలేస్తారా, లేక ఒక నిజమైన పరిశోధనా పత్రాన్ని, దాని గురించి వెలువడిన పత్రికా ప్రకటనను పక్కపక్కన పెట్టి తేడాలు వెతికిస్తారా అన్నదే అడిగి తెలుసుకోవాలి. మన దేశంలో మందులపై జరిగే ప్రయోగాల వివరాలు 2007లో మొదలైన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఉంటాయి. వాటిని ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. దాన్ని ఒక్కసారైనా తరగతిలో తెరిచి చూపించే అధ్యాపకుడు దొరికితే ఆ కోర్సు సగం గెలిచినట్టే.

1995 అక్టోబరులో బ్రిటన్‌లో జరిగింది దీనికి మరో ఉదాహరణ. కొన్ని కొత్త రకం గర్భనిరోధక మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపు అవుతుందని అధికారిక హెచ్చరిక వెలువడింది. పత్రికలు అదే రాశాయి. లెక్క తప్పు కాదు. కానీ సుమారు 7000 మందిలో ఒకరికి ఉన్న ముప్పు ఇద్దరికి పెరిగింది, అంతే. భయపడి మాత్రలు మానేసిన స్త్రీలు ఎందరో. తర్వాతి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో గర్భస్రావాలు వేల సంఖ్యలో పెరిగాయి. "రెట్టింపు" అన్న ఒక్క మాట పక్కన "ఎంతకు రెట్టింపు" అని రాయకపోవడం వల్ల వచ్చిన నష్టమిది.

భాష సంగతి విడిగా చూడాలి. పాఠాలు చాలాచోట్ల ఇంగ్లీషులో, ఉద్యోగాలేమో తెలుగులో. వ్యవహారంలో "థియరీ" అంటే ఇంకా తేలని ఊహ. సైన్స్‌లో అది ఆధారాలపై నిలిచిన వివరణ. "పాజిటివ్" అనే మాట ఇంట్లో శుభం, ల్యాబ్ రిపోర్టులో కంగారు. ఇలాంటి చిక్కులు తెలుగులో రాసి, ఎర్రసిరా దిద్దుబాట్లతో వెనక్కి తీసుకుంటే తప్ప తెలియవు. కోర్సు ఇంగ్లీషులోనే ఉన్నా విద్యార్థుల ప్రాక్టీసు పత్రిక తెలుగులో వస్తుందా అన్నది చూడాలి. దినపత్రికలు నడిపే జర్నలిజం స్కూళ్ల బలం ఇక్కడే; డిగ్రీ రాకపోయినా రోజూ రాయించడం అక్కడి పద్ధతి.

ఊరు కూడా పాఠమే. ఉస్మానియా క్యాంపస్ చుట్టూ తార్నాక, హబ్సిగూడ ప్రాంతాల్లో సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి. విశాఖపట్నంలో సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, తిరుపతికి దగ్గర్లోని గాదంకిలో వాతావరణ పరిశోధనశాల ఉన్నాయి. ఇంత దగ్గర్లో శాస్త్రవేత్తలుండగా రెండేళ్లలో ఒక్కసారైనా జర్నలిజం విద్యార్థులు ఆ గేటు దాటారా?

తెలుగులో సైన్స్ రచనకు పేరుపడినవారిలో మహీధర నళినీమోహన్ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ నుంచి, వేమూరి వేంకటేశ్వరరావు కాలిఫోర్నియాలో అధ్యాపక వృత్తి నుంచి వచ్చారు. జర్నలిజం కోర్సు ఒక్కటే దారి కాదనడానికి వారే సాక్ష్యం. కానీ వారికి జీతం వేరేచోట వచ్చేది, తోచినప్పుడు రాసుకునే వీలుండేది. సాయంత్రంలోగా వార్త ఇవ్వవలసిన విలేకరికి ఆ తీరిక ఉండదు. తరగతి గదిలోనే అలవాటు పడి రావాలి.

దరఖాస్తు చేసే ముందు ఒక రోజు శాఖకు వెళ్లడం మంచిది. గోడ మీది ఫొటోలకన్నా రెండో సంవత్సరం విద్యార్థులే మంచి సమాచారం ఇస్తారు. ఈ ఏడాది ఎన్ని వార్తలు రాశారు, వాటిలో ఎన్ని దిద్ది వెనక్కి ఇచ్చారు అని అడిగి, దిద్దిన కాగితం ఒకటి చూపించమనాలి.